హెట్టీ రూలాఫ్స్ ఇచ్చిన చెయ్యి

హెట్టీ రూలాఫ్స్ కుదురుగా కూర్చోగా చూసినవాళ్ళు మా ఊళ్ళో లేరు. ఆదివారం చర్చిలో కూర్చుంటుంది, అదీ పేరుకే. పాస్టరు ప్రసంగం మొదలుపెట్టగానే చేతిసంచిలోంచి కాగితంలో చుట్టిన పిప్పరమెంటు బిళ్ళల చుట్ట తీసి, తనొకటి నోట్లో వేసుకుని పక్కవాళ్ళకి అందిస్తుంది. ఆ చుట్ట బెంచీ పొడుగునా చేతులు మారి, ముందు బెంచీలో ఉన్న రైతు హార్లన్ బొనెమా కుటుంబం దాకా వెళ్ళి, మళ్ళీ తిరిగొచ్చేదాకా ఆవిడ మడమ నేలని తడుతూనే ఉంటుంది. ఇంట్లో అయితే పొయ్యి పక్కన నిలబడి గిన్నెలోంచే తినేస్తుంది. ఎందుకమ్మా అంటే, "కూర్చుంటే మళ్ళీ లేవాలి కదే, దండగ పని" అంటుంది.

నా పేరు మార్లిస్. మా ఊరి వృద్ధాశ్రమంలో వంట నాదే. జుట్టు నెరవక ముందునుంచీ అక్కడ బఠానీ సూపు కలియబెడుతున్నాను. నోరు కాస్త ఎక్కువని పేరు కూడా ఉంది, కాదనను. హెట్టీ చెల్లెలు విన్నీ మా దగ్గరే ఉంటుంది. విన్నీకి ఇది ఏ నెలో తెలీదు, ఒక్కో రోజు తన పేరు కూడా తెలీదు. కానీ మధ్యాహ్నం కాఫీ వేళకి అక్క పికప్ బండి చప్పుడు వినపడితే చాలు, కిటికీ దగ్గరికి పరుగు. ఆ తర్వాత అక్కచెల్లెళ్ళిద్దరూ చెయ్యీ చెయ్యీ పట్టుకుని వరండా ఈ కొసనుంచి ఆ కొసకి నడుస్తారు. కాఫీ కూడా నడుస్తూనే. మోకాలి లోతు మంచు పడ్డ రోజున కూడా హెట్టీ రావడం మానలేదు.

ఆవిడ పెళ్ళి చేసుకోలేదు. "అడిగినవాళ్ళందరూ నత్తనడకవాళ్ళే" అని ఒకసారి నాతో అంది. ఆవుల్ని పెట్టుకుని, పాలమ్మి, కూడబెట్టి, యాభై ఏళ్ళ కిందట ఎనభై ఎకరాలు కొంది. ఒంటరి ఆడదానికి భూమి అమ్మడమా అని ఊరంతా ముక్కున వేలేసుకున్న రోజులవి. అమ్మింది హార్లన్ వాళ్ళ నాన్న. ఊరి రైతులు గింజలమ్ముకునే కోఆపరేటివ్‌లో కాఫీ బల్ల దగ్గర ఆయన హెట్టీ చేతిలో చెయ్యి వేశాడు. మర్నాడే ఇంకొకాయన ఎక్కువ ధర పెడతానని ఆయన వాకిట్లోకి వచ్చి నిలబడితే, "చెయ్యి ఇచ్చేశానయ్యా" అని పంపేశాడు. అయోవా రాష్ట్రంలో ఈ మూల, మా డచ్చివాళ్ళ మధ్య, సంగతి అంతే. కాగితాలు తీరిగ్గా వస్తాయి, బేరం మాత్రం చేతులు కలిసినప్పుడే అయిపోతుంది. అది తప్పినవాడికి కోఆపరేటివ్‌లో కాఫీ పోసేవాళ్ళుండరు.

మోకాళ్ళు సాగినన్నాళ్ళు ఆ నేల హెట్టీయే దున్నింది. తర్వాత హార్లన్‌కి కౌలుకిచ్చింది. ఒక ఏడు మొక్కజొన్న, ఒక ఏడు సోయా, అతను శ్రద్ధగానే చేశాడు. వాళ్ళ నాన్న అమ్ముకున్న నేల మళ్ళీ తన పేరున చూసుకోవాలని అతని ఆశ. ఆ సంగతి హెట్టీకి తెలుసు, నాకు తెలుసు, కోఆపరేటివ్ పిల్లికి కూడా తెలుసు.

కిందటి వేసవిలో మా ఆశ్రమం పీకల మీదకి వచ్చింది. రాష్ట్రం తనిఖీవాళ్ళు వచ్చి, నిప్పు ఆర్పే గొట్టాలు పాడైపోయాయన్నారు, బాయిలరు పాతదన్నారు, పైకప్పు దించెయ్యాలన్నారు. చేయిస్తారో మూసేస్తారో ఏడాది చివరికల్లా చెప్పమన్నారు. ఖర్చు పది లక్షల డాలర్ల పైమాట. మూసేస్తే మా ముసలివాళ్ళని గంటన్నర దూరంలో ఉన్న పట్నానికి తరలించాలి. హెట్టీకి చూపు మందగించి, ఊరు దాటి బండి నడపొద్దని డాక్టరు అప్పటికే చెప్పాడు.

"అక్కడ విన్నీ కిటికీ దగ్గర నిలబడితే ఎవరొస్తారే మార్లిస్?" అంది ఆ రోజు, నా వంటింట్లో పొయ్యికీ తొట్టికీ మధ్య తిరుగుతూ.

ఆ వారంలోనే హార్లన్‌ని కోఆపరేటివ్‌లో పట్టుకుంది. ఎకరం పద్నాలుగు వేలకి బేరం. చెయ్యీ చెయ్యీ కలిపారు. హార్లన్ ఆ సంతోషంలో అక్కడున్న అందరికీ కాఫీ ఇప్పించాడు. మా డచ్చివాడు ఊరందరికీ కాఫీ ఇప్పించడమంటే మాటలు కాదు. వచ్చే డబ్బంతా ఆశ్రమానికి ఇచ్చేస్తానని హెట్టీ నాతో అంటే, నేను ఆవిణ్ణి కావలించుకోబోయాను. అప్పటికే తలుపు దాటి వెళ్ళిపోయింది.

కాగితాలు రాయించడానికి లైల్ మౌ దగ్గరికి నన్ను కూడా లాక్కెళ్ళింది. మా ఊళ్ళో లాయరూ, పన్నుల లెక్కలు చూసేవాడూ అతనే. పక్క జిల్లానుంచి వచ్చినవాడు, మంచివాడే, కాకపోతే కాగితం మీద లేనిది లోకంలో లేదనుకునే రకం.

"అమ్మడమా? ఆగండాగండి" అన్నాడు. "ఈ భూమి ఎంతకి కొన్నారు?"

"ఎకరం అయిదొందల చిల్లర."

"ఇప్పుడు పద్నాలుగు వేలు. మధ్యలో పెరిగిందంతా లాభం కిందే లెక్క. మీరు అమ్మితే దాని మీద పన్ను పడుతుంది. మొత్తంలో అయిదో వంతు పైనే ఎగిరిపోతుంది. మిగిలింది ఆశ్రమానికి చాలదు."

"మరేం చెయ్యమంటావు?"

"డబ్బు ఇవ్వకండి, భూమే ఇచ్చెయ్యండి. దానపత్రం రాయండి. ఆశ్రమం ధర్మసంస్థ, వాళ్ళు తర్వాత అమ్ముకున్నా పన్ను లేదు. ప్రతి డాలరూ వాళ్ళకే చేరుతుంది. పైగా ఇవాళ్టి విలువంతా మీ దానంగా లెక్కేసి, మీ ఆదాయంలోంచి తగ్గించుకోవచ్చు."

"నా ఆదాయమా!" హెట్టీ నవ్వింది. "కౌలు డబ్బూ, నాలుగు రాళ్ళ పింఛనూ. అందులోంచి ఎంత తగ్గిస్తారయ్యా?"

"ఏడాదికి మూడో వంతు లోపే. మిగిలింది ఇంకో అయిదేళ్ళపాటు వాడుకోవచ్చు."

"అయితే ఇంకో అయిదేళ్ళు బతకమంటావు."

"బతికితే పన్ను తగ్గుతుంది."

"బతకడానికి ఇంత మంచి కారణం నాకు పాస్టరు కూడా చెప్పలేదు."

అందరం నవ్వుకున్నాం. అప్పుడు లైల్ కలం టోపీ తీస్తూ, అదేదో చిన్న విషయమన్నట్టు అన్నాడు. "ఒక్కటే షరతు. దానం చేసేముందే కొనేవాడితో బేరం కుదిరిపోయి ఉండకూడదు. కుదిరి ఉంటే, అమ్మింది ఆశ్రమం కాదు మీరేనంటారు. పన్ను మళ్ళీ మీ నెత్తినే పడుతుంది."

బల్ల కింద హెట్టీ మడమ చప్పుడు ఆగిపోయింది.

"హార్లన్‌కి చెయ్యి ఇచ్చేశాను."

"సంతకం పెట్టారా?"

"చెయ్యి ఇచ్చాను."

"బయానా ఏమైనా తీసుకున్నారా?"

"చెయ్యి అంటున్నానుగా!"

లైల్ కుర్చీలో వెనక్కి వాలాడు. "హమ్మయ్య, చెయ్యే కదా! భూమి బేరం కాగితం మీద లేకపోతే చట్టానికి అది లేనట్టే. ముందస్తు ఒప్పందం ఏదీ లేదని ఇదిగో, ఇక్కడో సంతకం పడెయ్యండి."

"లేదని ఎలా పెడతానయ్యా? ఉంది కదా."

"చట్ట ప్రకారం లేదు హెట్టీ."

"ఆ రోజు కోఆపరేటివ్‌లో నీ చట్టం లేదు. నేనున్నాను" అని లేచి నిలబడింది.

లైల్ తల పట్టుకున్నాడు. చివరికి ఒక దారి చెప్పాడు. హార్లన్ తనంతట తాను ఆ బేరం వదులుకుంటే, అప్పుడు ఒప్పందం లేదన్న మాట నిజమే అవుతుంది. కానీ తర్వాత హార్లన్‌కే అమ్మాలని ఆశ్రమానికి షరతు పెట్టకూడదు. వాళ్ళ భూమి, వాళ్ళ ఇష్టం. వేలం వేసినా వేసుకోవచ్చు.

అంటే ఇచ్చిన చెయ్యి వెనక్కి అడగాలి. మా ఊళ్ళో అలా అడిగినవాళ్ళని నేను ఎరగను.

ఆ శరదృతువంతా హెట్టీ కాలు కాలిన పిల్లిలా తిరిగింది. ఆదివారం చర్చిలో హార్లన్ సరిగ్గా ఆవిడ ముందే కూర్చుంటాడు. కానీ ఆదివారం బేరాలు మాట్లాడం, పెరట్లో గడ్డి కూడా కొయ్యం. మిగతా రోజుల్లో అతను కోత మిషన్ మీద పొలంలో ఉంటాడు. హెట్టీ పొలం గట్టు దాకా బండి నడిపి, ఆ మిషన్ ఒక చుట్టు తిరిగి వచ్చేదాకా చూసి, అది దగ్గరికి రాగానే బండి తిప్పేసి నా వంటింటికి వచ్చేసేది. "ఇవాళ దుమ్ము ఎక్కువగా ఉంది" అనేది. ఇంకో రోజు గాలి. మరో రోజు వాళ్ళావిడ భోజనం పట్టుకొచ్చిందట. కాఫీ పోసిస్తే ఒక గుక్క తాగి కప్పు ఎక్కడో పెట్టి మర్చిపోయేది. ఆ రోజుల్లో సగం తాగిన కప్పులు బట్టల బీరువాలో కూడా దొరికాయి నాకు.

చివరికి ఒక బుధవారం సోయా కోత అయిపోయింది, మొక్కజొన్న ఇంకా ఆరలేదు. హార్లన్ షెడ్డులో మిషన్ కింద దూరి ఏదో బిగిస్తున్నాడని తెలిసింది. నన్ను కూడా రమ్మంది.

"నేనెందుకు?"

"నేను పారిపోతే పట్టుకోవడానికి."

షెడ్డులోకి వెళ్ళాం. మిషన్ కిందనుంచి బూట్లు మాత్రం కనపడుతున్నాయి.

"హార్లన్, బయటికి రా."

"వినపడుతోంది, చెప్పండి."

"బూట్లతో చెప్పే మాట కాదయ్యా."

అతను వచ్చి చేతులు గుడ్డకి తుడుచుకున్నాడు. హెట్టీ మిషన్ చుట్టూ ప్రదక్షిణం చేస్తూ మొత్తం చెప్పింది. పన్ను గురించి, దానపత్రం గురించి, గొట్టాల గురించి, విన్నీ గురించి. ఆవిడ ఎటు తిరిగితే అటు తిరుగుతూ విన్నాడు పాపం.

"అంటే మన మధ్య బేరం లేదంటారు" అన్నాడు.

"లేదనమని నిన్ను అడుగుతున్నాను. నా అంతట నేను అనలేను."

"తర్వాత ఆశ్రమంవాళ్ళు నాకు అమ్ముతారా?"

"తెలీదు. తెలిస్తే అది మళ్ళీ బేరమే అవుతుందట. వేలం వెయ్యొచ్చు."

"వేలమైతే నాకేం మిగులుతుంది? పెట్టుబడికి నేల కొనే పట్నం డాక్టర్లు డబ్బు సంచులు వేసుకుని వాలిపోతారు. నేను మూల నిలబడి చూడాలి." గుడ్డ విసిరేశాడు. "మా నాన్న మీకిచ్చిన చెయ్యి వెనక్కి అడిగాడా హెట్టీ? ఎక్కువ పెట్టేవాడు వాకిట్లోకి వచ్చినా అడిగాడా?"

హెట్టీ నడక ఆగిపోయింది. "అడగలేదు."

"అయితే నేను కూడా వెనక్కి ఇవ్వను" అని మళ్ళీ మిషన్ కిందకి దూరాడు.

బండి ఎక్కాక హెట్టీ తాళం తిప్పకుండా కాసేపు చక్రం పట్టుకుని ఉంది. "వాడన్నది సరైన మాటే" అంది.

"సరైన మాట నా మొహం! ముసలివాళ్ళని ఎక్కడ పడుకోబెట్టమంటాడట?"

"అది వేరు, ఇది వేరు."

ఆ ఆదివారం పిప్పరమెంటు చుట్ట ముందు బెంచీకి వెళ్ళింది. హార్లన్ దాన్ని తీసుకుని, అందులోంచి ఒక్క బిళ్ళ కూడా తియ్యకుండా భార్యకి అందించేశాడు. ఆ బెంచీలో అలా జరగడం నేనెప్పుడూ చూడలేదు. ఆ తర్వాతి ఆదివారాలూ అంతే. ఆ చుట్ట తిరిగొచ్చినప్పుడల్లా హెట్టీ ఎన్ని తగ్గాయో వేలితో తడిమి చూసుకుని సంచిలో పెట్టుకునేది.

నవంబరు ముగియవస్తుండగా, గడువు దగ్గరపడిందని లైల్ హెట్టీకి రోజూ ఫోన్ చెయ్యడం మొదలుపెట్టాడు. ఒక పొద్దున హెట్టీ నా వంటింట్లోకి వచ్చింది.

"లైల్‌కి చెప్పేశాను. అమ్మకం కాగితాలు హార్లన్ పేరున రాసి పంపెయ్యమన్నాను."

"మరి పన్ను?"

"కడతాను."

"మిగిలింది చాలదు కదా!"

"చాలదు."

"మరి విన్నీ?"

నా చేతిలో గరిట లాక్కుని సూపు కలియబెట్టడం మొదలుపెట్టింది. "ఆ భూమి నా చేతికి వచ్చిందే ఒక మనిషి మాట నిలబెట్టుకోబట్టి. ఇప్పుడు ఆయన కొడుకు దగ్గర నేను ఎలా తప్పుకోను?"

నాకు ఒళ్ళు మండిపోయింది. "మీ చెయ్యి బంగారంగానూ! దానికోసం ఇంతమందిని రోడ్డున పడేస్తారా? ఒక్క సంతకం పెడితే ఎవరి సొమ్ము పోయింది? అది అబద్ధం కాదని లాయరే చెబుతున్నాడు."

"నీకు అబద్ధం కాదనిపిస్తే నువ్వు పెట్టు."

"నా పేరున భూమి ఉంటే ఎప్పుడో పెట్టేసేదాన్ని."

"అందుకే నీ పేరున లేదేమో."

ఆ మాటకి నేను మూతి బిగించుకుని ఆ రోజంతా ఆవిడతో మాట్లాడలేదు. సూపు అడుగంటింది. ఇప్పటికీ ఆ పొద్దున నా మాటలో న్యాయం ఉందనే నేనంటాను.

కొద్ది రోజులకి కాఫీ వేళ హార్లన్ వంటింటి వెనక తలుపు తోసుకుని వచ్చాడు. చేతిలో లైల్ పంపిన కవరు ఉంది. టోపీ కూడా తియ్యలేదు.

"ఆవిడెక్కడ?"

"ఎక్కడో నడుస్తుంటుంది. చెవులుంటే విను."

వరండా తలుపు దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. నేను వెనకే నిలబడ్డాను. ఆ కొసనుంచి అక్కచెల్లెళ్ళిద్దరూ చెయ్యి పట్టుకుని వస్తున్నారు. అతన్ని చూసి విన్నీ, "ఎవరబ్బాయివి నాయనా?" అని అడిగింది.

"బొనెమా వాళ్ళబ్బాయిని."

"మీ ఆవులు బాగున్నాయా?"

"బాగున్నాయండి" అన్నాడు. వాళ్ళింట్లో ఆవులు లేక ఇరవై ఏళ్ళయింది. తర్వాత హెట్టీ వైపు తిరిగాడు. "లైల్ లెక్కంతా చెప్పాడు. మీరు నాకు అమ్మితే ఈ ఇల్లు మూతపడుతుందట."

"అలాగే కనపడుతోంది."

"అయినా అమ్మేస్తున్నారు."

"చెయ్యి ఇచ్చాను కదయ్యా."

హార్లన్ టోపీ తీసి, చేతిలో తిప్పి, మళ్ళీ పెట్టుకున్నాడు. "మీరు నిజంగా అమ్ముతారనుకోలేదు. లైల్ చెప్పిన చోట సంతకం పెట్టేస్తారనుకున్నాను. ఎవరైనా పెట్టేస్తారు. నేను కోఆపరేటివ్‌లో కూర్చుని బతికినన్నాళ్ళూ మిమ్మల్ని హాయిగా తిట్టుకునేవాణ్ణి."

"నీకా సుఖం లేకుండా చేశానన్నమాట."

"చేశారు." కవరు నా చేతిలో కుక్కాడు. "ఏదీ, చెయ్యి ఇలా ఇవ్వండి."

ఒక చెయ్యి విన్నీ పట్టుకుని ఉంది. హెట్టీ రెండోది చాచింది. హార్లన్ దాన్ని పట్టుకుని, ఒక్కసారి గట్టిగా ఊపి, వదిలేశాడు.

"మన మధ్య ఏ బేరమూ లేదు. మార్లిస్, నువ్వే సాక్షివి" అన్నాడు. కళ్ళు తుడుచుకోలేదు గానీ, తుడుచుకోవలసిన అవసరం ఉంది. వచ్చిన తలుపులోంచే వెళ్ళిపోయాడు. కాఫీ వేళకి వచ్చిన మనిషి కాఫీ తాగకుండా వెళ్ళడం మా ఆశ్రమంలో అదే మొదలు.

డిసెంబరులో విలువ కట్టే మనిషి వచ్చి నేల చూసి వెళ్ళాడు. దానపత్రం రాశారు. ముందస్తు ఒప్పందం ఏదీ లేదన్న కాగితం మీద హెట్టీ నిలబడే సంతకం పెట్టింది. బాగు చేయిస్తున్నామని కమిటీ రాష్ట్రానికి జవాబు పంపింది. ఇక ఆ కష్టాలన్నీ తీరాయనుకున్నాను. ఆశ్రమం కమిటీ ఉందన్న సంగతి మర్చిపోయాను.

కమిటీ అంటే మా ఊరి రైతులే. వేలం వేద్దామన్నారు, సరే. కనీస ధర పెట్టుకోమని లైల్ బతిమాలితే, "ఈ నేలకి కనీస ధర కూడానా!" అని నవ్వేసి, ఎంతకి పాడితే అంతకిచ్చేస్తామని చాటింపు వేశారు. దూరాన్నుంచి ఫోన్‌లో పాడే ఏర్పాటుకి ఖర్చవుతుందంటే, దండగన్నారు. మా డచ్చివాళ్ళకి డాలరు మిగిలిందంటే పది పోయినా కనపడదు. వేలం నాటి పొద్దుటికి మంచు తుఫాను వచ్చి, రాచబాటలు మూసేశారు. పట్నం డాక్టర్లు పట్నంలోనే ఉండిపోయారు. వాయిదా వేద్దామా అంటే, ఫైరింజన్ షెడ్డు అద్దె కట్టేశామన్నారు.

షెడ్డు నిండిపోయింది. అందరూ మావాళ్ళే. నేను బాదం రొట్టె కోసి, కాఫీ పోసి, హెట్టీ పక్కన వచ్చి కూర్చున్నాను. ఆవిడ మడమ సిమెంటు నేల మీద దడదడలాడుతోంది.

వేలం పాడించేవాడు మొదలుపెట్టాడు. హార్లన్ అందరిలాగే కిందనుంచి ఎత్తుకున్నాడు. "ఎకరం తొమ్మిది వేలు."

షెడ్డులో చప్పుడు లేదు.

అప్పుడు తెలిసింది నాకు సంగతి. పక్కవాడు ఏళ్ళ తరబడి సాగుచేస్తున్న నేల మీద పాట పెంచడం మా దగ్గర మర్యాద కాదు. దానికి తోడు హార్లన్ చెయ్యి వదులుకున్న సంగతి ఊరందరికీ తెలుసు, దానికి కారణం నా నోరే. అందరూ చేతులు జేబుల్లో పెట్టుకుని బూట్ల వైపు చూస్తున్నారు. హార్లన్ మీద గౌరవంతో ఆశ్రమం కొంప ముంచుతున్నారు మహానుభావులు. కమిటీవాళ్ళ మొహాల్లో నెత్తురు చుక్క లేదు.

"తొమ్మిది వేలు, ఒకటోసారి!"

హార్లన్ చెవులు ఎర్రబడ్డాయి. అతను మాత్రం ఏం చేస్తాడు? తన పాట మీద తనే పెంచుకుంటే నవ్వుతారు.

"తొమ్మిది వేలు, రెండోసారి!"

"పది!"

హెట్టీ నిలబడి ఉంది, చెయ్యి పైకెత్తి. షెడ్డంతా వెనక్కి తిరిగింది. పాడించేవాడు నోరు తెరిచాడు. "హెట్టీ, ఇది మీ భూమే కదండీ..."

"నాది కాదు. లాయర్ని అడుగు."

ఆ లాయరు మోకాళ్ళ మధ్య తల పెట్టుకుని ఉన్నాడు. నేను ఆవిడ కోటు పట్టుకుని లాగాను. "మీ దగ్గర ఏముందని? ఇల్లు తప్ప ఏమీ లేదు!"

"పికప్ కూడా ఉంది. వదులు."

హార్లన్ వెనక్కి తిరిగి ఆవిడకేసి చాలాసేపు చూశాడు. తర్వాత ముందుకి తిరిగి, "పదకొండు" అన్నాడు.

"పన్నెండు."

"పదమూడు."

"పదమూడున్నర" అంది హెట్టీ.

అక్కడ ఆగింది. హార్లన్ పలకలేదు. అతను ఆపేస్తే ఆవిడ పని అయిపోయినట్టే. తను దానమిచ్చిన నేలని తనే కొనుక్కోవాలి, కొనడానికి డబ్బు లేదు, ఊరందరి ముందూ మాట పోతుంది. అంతకంటే ఆవిడకి చావు నయం. "పదమూడున్నర, ఒకటోసారి" అన్నాడు పాడించేవాడు, భయం భయంగా. నేను కళ్ళు మూసుకుని దేవుణ్ణి తలుచుకున్నాను. చర్చిలో కూడా అంత మనసు పెట్టి ఎప్పుడూ తలుచుకోలేదు.

"రెండోసారి..."

"పద్నాలుగు" అన్నాడు హార్లన్.

హెట్టీ కూర్చుంది. పాడించేవాడు ఆవిడ వైపే చూస్తున్నాడు. ఆవిడ ఆ కుడి చెయ్యి తొడ కింద పెట్టుకుని దాని మీద కూర్చుంది. ఆనాడు చెయ్యి కలిపిన ధరకే సుత్తి పడింది. షెడ్డులో ఎవరో చప్పట్లు మొదలుపెడితే అందరూ అందుకున్నారు. కమిటీవాళ్ళు ఒకర్నొకరు పట్టుకుని ఊగిపోతున్నారు, అదంతా వాళ్ళ తెలివే అయినట్టు.

"అతను పదమూడున్నర దగ్గర ఆపేసి ఉంటే?" అన్నాను ఆవిడ చెవిలో.

"ఆపడు."

"ఎలా తెలుసు? చెయ్యి వెనక్కి ఇచ్చేశాడు కదా."

"అది లైల్ కాగితం కోసం ఇచ్చాడే" అంది.

సంచిలోంచి పిప్పరమెంటు చుట్ట తీసి ముందు వరసకి అందించింది. అది చేతులు మారుతూ హార్లన్ దాకా వెళ్ళింది. అతను వెనక్కి చూడలేదు. రెండు బిళ్ళలు తీసుకుని రెండూ ఒకేసారి నోట్లో వేసుకున్నాడు.

జనం లేస్తున్నారు. నేను కప్పులు సర్దుకుని గడియారం చూశాను. "కాఫీ వేళ అయింది, విన్నీ కిటికీ దగ్గర ఉంటుంది. పదండి, లేవండి."

ఆవిడ మడమ కదలడం లేదు. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, కుర్చీలో వెనక్కి వాలి ఉంది.

"కాసేపు కూర్చోనివ్వవే మార్లిస్" అంది.